ఫోటోలో లేని గొట్టం

కొలతలమ్మకు,

ఇంటి నుంచి మీ ఆయన రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, పిచ్చుక, మామయ్యగారు ముగ్గురమూ కులాసాగా ఉన్నాం. వేళ్ల మీద లెక్కపెట్టుకుని మరీ రాస్తున్నాను కాబట్టి నమ్మవచ్చు. అక్కడ నువ్వూ, నీ మూడుకాళ్ల కొలత యంత్రమూ కొండగాలికి ఎగిరిపోకుండా నిలబడే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం సరుకుల లారీలో దిగి వచ్చింది. అందులో కబుర్లు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. పిచ్చుక పెన్సిలు తీసి ప్రశ్నలన్నింటికీ నంబర్లు వేసింది. మొత్తం తొమ్మిది తేలాయి. "నాన్నా, ఇది ఉత్తరం కాదు, క్వశ్చన్ పేపరు. అమ్మ నీకు పరీక్ష పెట్టింది," అంది. మొదటి ప్రశ్న కింద నువ్వు రెండు గీతలు గీశావు. "ఫోటోలో నాన్న ముక్కుకి గొట్టం లేదు! తీసేశారా? తింటున్నాడా? మొట్టమొదట ఏం తిన్నాడు?"

దానికి జవాబు తప్పకుండా రాస్తాను. అయితే బడిలో చదివే రోజుల నుంచీ నాది ఒకటే పద్ధతి, కష్టమైన ప్రశ్న ఆఖరికి. నువ్వు మాత్రం పేజీలు తిప్పేసి ఆఖరు ముందు చదవకు. వరసగా రా.

నాన్న చిక్కిపోయాడా అని అడిగావు. లేదు. నువ్వు బయలుదేరిన రోజు ఆయన బరువు యాభై ఎనిమిది కిలోలు. కిందటి గురువారం ఆసుపత్రిలో కుర్చీ కాటా మీద కూర్చోబెడితే అరవై చూపించింది. మధ్యలో కాస్త తగ్గారు, మళ్లీ పుంజుకున్నారు. రోజుకు అయిదుసార్లు పోస్తున్నాను. గోరువెచ్చని నీళ్లలో పొడి కలిపి, ఉండలు లేకుండా గిలకొట్టి, వడకట్టి, పెద్ద సిరంజిలో పోసి, సిరంజిని ఎత్తి పట్టుకుంటే దానంతటది నెమ్మదిగా దిగుతుంది. ముందు కాసిని నీళ్లు, తర్వాత కాసిని నీళ్లు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

మొదట్లో ఇంత బుద్ధిగా లేనులే. నీకు గుర్తుందా, నువ్వు కొండెక్కే ముందు రోజు నర్సమ్మ వచ్చి మనిద్దరికీ నేర్పింది. పక్షవాతం ఎడమ చేతినీ కాలినీ పట్టుకుని ఊరుకోలేదు, గొంతులోకి కూడా దిగింది, మింగింది కడుపులోకి పోవాలో ఊపిరితిత్తుల్లోకి పోవాలో ఆ గొంతుకు తెలియడం లేదు, అందుకే నోటి ద్వారా చుక్క నీళ్లు కూడా వద్దు, అన్నీ గొట్టంలోనుంచే అని చెప్పింది. నువ్వు నోట్సు రాసుకున్నావు, నేను తల ఊపాను. సిరంజి ఎత్తులో పట్టుకోవాలని ఆవిడ అనగానే నాకు నవ్వొచ్చింది.

"ఆ సంగతి నాకు చెప్తారేంటండీ? ఇరవై ఏళ్ల నుంచి ఊళ్లోవాళ్ల నీళ్ల ట్యాంకులన్నీ ఎత్తు మీద పెడుతున్నది నేనే," అన్నాను.

"మీ ట్యాంకులకి వాంతులు అవ్వవు. ఈయనకి అవుతాయి. నెమ్మదిగా పొయ్యండి," అంది.

నువ్వు వెళ్లిన నాలుగో రోజే గొట్టం మూసుకుపోయింది. నేను మాత్ర సరిగ్గా నూరలేదు. ఎంత ఎత్తినా ఒక్క బొట్టు దిగదు. అలవాటు కొద్దీ చెయ్యి సంచీలోకి పోయి తీగముక్క పైకి తీసింది. మంచి వేళ, దాన్ని దించకముందే నర్సమ్మకు ఫోన్ చేశాను. తీగ అనే మాట వినగానే ఆవిడ వేసిన కేకకు పిచ్చుక పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "మీరు బాగు చేస్తున్నది మామగారినండీ, మోరీని కాదు!" అంది. వేడి తగ్గిన నీళ్లు సిరంజితో కొంచెం కొంచెం లోపలికీ వెనక్కీ ఆడిస్తే, ఇరవై నిమిషాలకు దారి ఇచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ మామయ్యగారు నన్నే చూస్తూ కూర్చున్నారు. అయ్యాక పలక అందుకుని ఏదో రాసి నా వైపు తిప్పారు.

"ఎవరైనా మంచి ప్లంబరును పిలవండి."

ఆయన నన్ను పెళ్లయిన నాటి నుంచీ కుళాయి అనే పిలుస్తున్నారు కదా. పండ్ల మార్కెట్లో నలభై ఏళ్లు వేలం పాడిన మనిషికి, చప్పుడు లేకుండా గోడల వెనక పని చేసుకునే అల్లుడు ఎన్నడూ కంటికి ఆనలేదు. మాట ముద్దగా వస్తోందన్న సిగ్గుతో ఆయన నోరు కట్టేసుకున్నారు గానీ, ఎగతాళి మాత్రం పలక మీదికి మకాం మార్చింది.

నోటితో తినకపోతే పళ్లు తోమడం ఎందుకని నేనూ అనుకున్నాను. తోమకపోతే నోట్లో పేరుకున్న మురికి లాలాజలంతో పాటు ఊపిరితిత్తుల్లోకి జారుతుందట. అందుకని రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో తోమి, తడి స్పాంజితో నాలుకా చిగుళ్లూ తుడిచి, పెదవులకు నూనె రాస్తున్నాను. నీ నాలుగో ప్రశ్నకు అదీ జవాబు. పెదవులు పగలడం లేదు.

పిచ్చుక చదువుతోందా అంటే, చదువుతోంది, పైగా ఉద్యోగం కూడా చేస్తోంది. పోసిన తర్వాత గంటసేపు మామయ్యగారు వాలకుండా కూర్చోవాలి. ఆ గంటకు కాపలా పిచ్చుకది. బడి నుంచి రాగానే గడియారం ముందు పెట్టుకుని కూర్చుంటుంది. ఆయన పక్కకు ఒరిగితే చాలు, "తాతయ్యా, నిటారుగా!" అని టీచరులా గద్దిస్తుంది. కాలక్షేపానికి ఇద్దరూ వేలంపాట పెట్టుకుంటున్నారు. పాట పిచ్చుకది, మూడోసారి పలక మీద సుద్దముక్కతో కొట్టడం తాతయ్యది. ఇప్పటికి నా పని బూట్లు, నీ గొడుగు, మన వంటింటి తలుపు అమ్ముడుపోయాయి. కొన్నదంతా కింది వాటా దర్జీ అక్కే. పగలు నేను పనిమీద వెళ్లినప్పుడు ఆవిడ కుట్టుమిషను మన ముందుగదిలోకి తెచ్చుకుని ఆయనకు తోడుంటోంది. నేను కూడా రెండు వీధుల అవతలికి పనులు ఒప్పుకోవడం లేదు. కాబట్టి నేను పనికి వెళ్తే నాన్నను ఎవరు చూస్తారన్న దిగులు నీకు వద్దు.

ఇక మిగిలినవి రెండు. అయిదోది, "ఆ మధ్య ఉత్తరం నాలుగు ముక్కల్లో ముగించావేం? చేతిరాత కూడా వంకరగా ఉంది." మొదటిది, ఆ ఫోటో సంగతి. రెండింటికీ జవాబు ఒక్కటే. దాన్ని మింగలేక కక్కలేక అయిదు వారాలుగా తిరుగుతున్నాను. మన ఇంట్లో మింగుడుపడనిది ఆయనొక్కరికే అనుకుంటున్నావు నువ్వు.

చెప్తాను. ముందు ఒక్క మాట, ఆయన బాగున్నారు. ఇది చదువుతున్నంతసేపూ అది మనసులో పెట్టుకో.

నువ్వు వెళ్లిన మూడో వారం. నేను ఉదయం కాఫీ ఆయనకు కనపడకుండా వంటింట్లోనే తాగుతూ ఉండేవాణ్ని. కనపడకపోతే మాత్రం వాసన ఆగుతుందా? ప్రతి రోజూ పలక మీద "ఒక్క చుక్క" అని రాసేవారు. నేను "వద్దు మామయ్యా, డాక్టరుగారు వద్దన్నారు కదా," అనేవాణ్ని. ఎనిమిదో రోజు ఆయన ఏమీ రాయలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి. మార్కెట్టంతా దద్దరిల్లేలా పాడిన మనిషి చప్పుడు లేకుండా ఏడవడం నేను చూడలేకపోయాను.

చెంచాతో రెండుసార్లు పోశాను.

ఏమీ కాలేదు. దగ్గు లేదు, పొలమారలేదు. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లయిన పన్నెండేళ్లలో మొదటిసారి. నాకు గర్వం తలకెక్కింది. ఈ డాక్టర్లకీ నర్సులకీ ఏం తెలుసు, లైను బాగానే ఉంది అనుకున్నాను. మర్నాడు మూడు చెంచాలు. ఆ మర్నాడు నాలుగు.

మూడో రోజు మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది. ఊపిరి గుడగుడలాడుతూ వస్తోంది. నేను ఆయన్ని నిటారుగా లేపి పట్టుకున్నాను. దర్జీ అక్క వెళ్లి బండి తెచ్చింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి న్యుమోనియా అన్నారు. కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది.

"నోటితో ఏమైనా ఇచ్చారా?" అని డాక్టరమ్మ అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మామయ్యగారు పలక కోసం చెయ్యి చాపారు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, నూట మూడు జ్వరం, అయినా పట్టుబట్టి రాశారు. "నేనే తాగాను. అల్లుడు ఇంట్లో లేడు."

డాక్టరమ్మ పలక చదివింది. ఆయన కదలని ఎడమ కాలు చూసింది. "ఓహో. మంచం దిగి, వంటింట్లోకి నడిచి, పొయ్యి వెలిగించి, కాఫీ కాచుకుని తాగారన్నమాట. ఇదేదో మెడికల్ కాలేజీలో పాఠం చెప్పాల్సిన కేసు," అంది.

"నేనే ఇచ్చానండీ, మూడు రోజులు," అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "దగ్గు రాలేదు కాబట్టి దిగిందనుకున్నారు. ఈయన గొంతులో ఒక పక్క స్పర్శే లేదండీ. తప్పుదారిన పోయినా ఆ గొంతుకు తెలీదు, అందుకే దగ్గదు. దగ్గే మనిషి కంటే దగ్గని మనిషి గురించి మాకు ఎక్కువ భయం." నీళ్ల పని చేసేవాడికి ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే సంగతి లేదు. గోడ లోపల కారుతుంటే బయటికి తడి కనపడదు. అదే మాట ఎన్ని ఇళ్లలో ఎంతమందికి చెప్పానో. మన ఇంటికొచ్చేసరికి మరిచిపోయాను.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. మొదటి మూడు రోజులూ గడ్డురోజులే. మీ క్యాంపు ఆఫీసు అత్యవసరం ఫోను నంబరు రాసిన కాగితం నా జేబులోనే ఉంది. రెండుసార్లు వరండాలోకి వెళ్లి నంబరు సగం నొక్కాను. మామయ్యగారు పసిగట్టారు. నా చొక్కా అంచు పట్టుకుని, "దానికి చెప్పకు. పని వదిలేసి పరిగెత్తుకొస్తుంది. వచ్చి ఏం చేస్తుంది, నన్ను చూస్తుంది. నువ్వు చూస్తున్నావు చాలు," అని రాశారు. అయితే ఆయన వద్దన్నారు కాబట్టి ఊరుకున్నాను అని నీకు రాస్తే అది సగం నిజమే అవుతుంది. మిగతా సగం ఏమిటంటే, నీకు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. నిన్ను లారీ ఎక్కించేటప్పుడు "నాకు వదిలెయ్, నేను చూసుకుంటా" అన్నది నేనే కదా. ఆ నాలుగు ముక్కల ఉత్తరం ఆసుపత్రి బల్ల మీద కూర్చుని రాసింది. "అంతా మామూలే" అని రాసిన చోట చెయ్యి వణికింది. ఆ వంకర నీ కంట పడుతుందని నేను అప్పుడే అనుకోవాల్సింది. కొండలు కొలిచేదానివి, అక్షరం కొలవలేవా?

ఇక ఫోటో. జ్వరం మగతలో ఆయన ముక్కు గొట్టాన్ని రెండుసార్లు పీకేసుకున్నారు. మళ్లీ పెట్టిన ప్రతిసారీ కళ్లెంట నీళ్లు. ముక్కు లోపల పుండు కూడా పడింది. మింగడం కుదుటపడడానికి ఇంకా నెలలు పట్టవచ్చు, అన్నాళ్లు ముక్కు గొట్టం కష్టం, పొట్ట మీద చిన్న రంధ్రం చేసి గొట్టాన్ని నేరుగా కడుపులోకి పెడదాం అంది డాక్టరమ్మ. పొట్టలో గొట్టం అంటే ఇక జన్మకింతే అనుకునేవు, నేనూ అలాగే అనుకుని నీరుగారిపోయాను. కాదట. మింగడం వచ్చాక తీసేస్తే రంధ్రం దానంతటదే పూడిపోతుందట.

"అమ్మాయికి కబురు చేసి, అది ఏమంటుందో కనుక్కుందాం మామయ్యా," అన్నాను.

ఆయన రాసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "గొట్టం నా పొట్టకి. దాని పొట్టకి కాదు." డాక్టరమ్మను మాత్రం మూడు ప్రశ్నలు అడిగారు. నొప్పి ఉంటుందా, స్నానం చెయ్యొచ్చా, పైన చొక్కా వేసుకుంటే తెలుస్తుందా. మూడింటికీ జవాబు విన్నాక కాగితం మీద తన సంతకం తానే పెట్టారు. పని పావుగంటలో అయిపోయింది. నాలుగు వారాలైంది. రోజూ చుట్టూ శుభ్రం చేసి పొడిగా తుడుస్తున్నాను. ఎరుపు లేదు, చీము లేదు.

ఇది జరిగాక మనిషే మారిపోయారు. ముఖం మీద పట్టీలు లేవు. ముక్కు పట్టీ కోసం సగం గొరిగిన మీసం మళ్లీ పూర్తిగా పెరిగింది. మంగలిని ఇంటికి పిలిపించి దాన్ని కత్తిరించుకున్నారు. చక్రాల కుర్చీలో వీధి చివరిదాకా తీసుకెళ్తే, ఆయన చొక్కా కింద ఏముందో ఎవరికీ తెలియదు. ఆ రోజు తీసిన ఫోటోనే నీకు పంపాను. కిందో ముక్క రాసి ఉండాల్సింది. రాయలేదు. ఫోటో అబద్ధం చెప్పలేదు, నేనే దాని చేత చెప్పించాను. నువ్వు సంతోషం పట్టలేక గీసిన ఆ రెండు గీతలు చూసిన దగ్గర నుంచి నాకు అన్నం సరిగ్గా గొంతు దిగడం లేదు.

తిట్టాలనుంటే తిట్టు. రెండు పేజీలకు తక్కువ కాకుండా రాయి. కాఫీ ఇచ్చినందుకు ఒక పేజీ, దాచినందుకు ఒక పేజీ. నా లెక్కలో రెండోదే పెద్ద తప్పు. ఇక ముందు మంచైనా చెడైనా వెంటనే నీకు చేరేస్తాను. నంబరు సగం నొక్కి ఆగడం ఉండదు.

ఇప్పుడు ఇవాళ్టి సంగతి. ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం కూడా అదే.

నిన్న ఆయనకు మింగే పరీక్ష చేశారు. ఆసుపత్రిలో మింగడం నేర్పే టీచరమ్మ ఆయన్ని ఎక్స్‌రే ముందు కూర్చోబెట్టి, మందు కలిపిన ముద్దలు తినిపించి, అవి గొంతులో ఎటు పోతున్నాయో తెర మీద నాకు చూపించింది. పల్చటి నీళ్లు ఇంకా తప్పుదారే పడుతున్నాయి. చిక్కటి ముద్ద మాత్రం, గడ్డం వంచి ఎడమ భుజం వైపు తల తిప్పి మింగితే, సరిగ్గా కడుపులోకి దిగింది. అయిదు వారాలుగా ఆవిడ చేయించిన నాలుక కసరత్తులూ గొంతు కసరత్తులూ ఊరికే పోలేదు. పొట్ట గొట్టం ఉండాల్సిందే, ఆహారమంతా అందులోనే, కానీ రోజుకు నాలుగు చెంచాల మెత్తటి గుజ్జు నోటితో ఇవ్వవచ్చు అంది. మొదటిసారి తనే దగ్గరుండి ఇస్తానని ఇవాళ ఉదయం ఇంటికి వచ్చింది.

నేను తెల్లవారకముందే లేచి మార్కెట్టుకు పోయి బొప్పాయి తెచ్చాను. గింజలు తీసి, మెత్తగా చేసి, రెండుసార్లు వడకట్టాను. పిచ్చుక బడికి వెళ్లనని మొండికేసింది, సరే ఉండమన్నాను. దర్జీ అక్క మిషను ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. టీచరమ్మ రెండు వేళ్లు ఆయన గొంతు మీద ఆనించి, చెంచా నాలుక మీద పెట్టింది. ఆయన గడ్డం వంచారు, తల తిప్పారు. గొంతు మీద ఆవిడ వేళ్లు పైకి లేచి, కిందికి దిగాయి.

"వెళ్లింది," అంది.

మామయ్యగారు కళ్లు తెరిచారు. పలక అడిగారు. మేమంతా ఆత్రంగా వంగి చూశాం. "పండు రెండు రోజులు ముందు కోశారు. కుళాయికి పండ్లు కొనడం రాదు," అని ఉంది. పిచ్చుక పడీ పడీ నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వుతూనే, "నవ్వించకండి, ఇంకా మూడు చెంచాలున్నాయి," అంది.

ఆ మూడూ వెళ్లాయి. ప్రతి చెంచా తర్వాతా గొంతులో ఏమైనా మిగిలిందేమో తెలుసుకోవడానికి ఆవిడ ఆయన చేత "ఆ" అనిపించింది. మిగిలితే గొంతు తడిగా బుడబుడమంటుందట. మొదటి మూడుసార్లూ ఆయన బుద్ధిగా "ఆ" అన్నారు. గొంతు పొడిగానే పలికింది. నాలుగోసారి "ఆ" అనలేదు. పలక తీసి పక్కన పెట్టారు. నా వైపు తిరిగి, ఒక్కో మాటా కూడదీసుకుని, నోటితోనే అడిగారు. మాట కొంచెం ముద్దగా వచ్చినా ఇంట్లో అందరికీ అర్థమైంది.

"అమ్మాయి... ఎప్పుడొస్తుంది?"

నాకు తెలియదు మామయ్యా, అడిగి చెప్తాను అన్నాను. అడుగుతున్నాను.

ఇట్లు,
తొమ్మిది ప్రశ్నలకూ జవాబు రాసి, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్న
మీ ఆయన